వర్తక చట్టాల సంస్కరణ – సామాన్యునికి దానితో ఏమి పని?

(సంఘ సాంస్కృతికోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



నృత్య ప్రదర్శనకూ భోజనాలకూ మధ్య ఇరవై నిమిషాలు నాకు కేటాయించి, మలేసియా వర్తక చట్టాలలో వచ్చిన మార్పుల గురించి మాట్లాడమని కార్యవర్గం వారు కోరినప్పుడు నేను కొంత తటపటాయించిన మాట నిజం. నేను న్యాయవాదిని కాను. ముప్పయి ఏళ్ళకు పైగా బడిపిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. నా తెలుగు ఇంట్లో విన్న మాటల మీద సాయంత్రపు తరగతుల్లో దిద్దుకున్న తెలుగు. కనుక భాషలో దోషాలుంటే మన్నించండి. అయినా ఈ పని ఒప్పుకున్నాను. అందుకు మా ఇంటికి సంబంధించిన కారణం ఒకటి ఉంది. సమయం వచ్చినప్పుడు మనవి చేస్తాను.

ముందుగా ఒక ప్రశ్న వేసుకుందాం. మనం సరుకు కొన్నా, అమ్మినా, అప్పు ఇచ్చినా, తీసుకున్నా, ఇద్దరు కలిసి దుకాణం పెట్టినా మనల్ని నడిపించే చట్టాలు ఎక్కడి నుండి వచ్చాయి?

మన దేశపు కాంట్రాక్టు చట్టం 1950 నాటిది. దాని మూలం 1872లో భారతదేశంలో చేసిన కాంట్రాక్టు చట్టం. 1899లోనే ఆ చట్టాన్ని నమూనాగా పెట్టుకుని పేరాక్, సెలంగూర్ మొదలైన మలయ రాష్ట్రాలలో శాసనాలు చేశారు. మన తాతలు ఓడ దిగి తోటల్లో అడుగుపెట్టే నాటికే వారి ఊళ్ళో అమలులో ఉన్న ఒప్పంద సూత్రాలు ఇక్కడికి చేరి కూర్చున్నాయి. ఇక 1961 నాటి భాగస్వామ్య చట్టానికి మాతృక 1890 నాటి ఇంగ్లండు చట్టం. 1965 నాటి కంపెనీల చట్టానికి మాతృక ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1961లో చేసిన చట్టం. ఒప్పందం ఇండియాది, పొత్తు ఇంగ్లండుది, కంపెనీ ఆస్ట్రేలియాది. మన వర్తకం యావత్తూ ఇలా అరువు బట్టలు కట్టుకునే పెరిగింది. కనుక ఈ రోజు ఎవరైనా లేచి, "పొరుగు దేశాల ప్రమాణాలు మనకెందుకు?" అని అడిగితే, మన చట్టాలు ఏనాడూ ఒంటరిగా పుట్టలేదని సమాధానం చెప్పవచ్చు.

ప్రమాణాలు ఒకటి చేయడమంటే ఏమిటో మన గడ్డ మీది ఉదాహరణతోనే చెబుతాను. పారిట్ బుంతార్ ఊరు మీలో చాలామందికి తెలుసు. అక్కడ పేరాక్, కెడా, పెనాంగ్ మూడు రాష్ట్రాలూ కలుస్తాయి. 1974కు ముందు పేరాక్‌లోనూ కెడాలోనూ ఇండియా నమూనా మీద వ్రాసిన కాంట్రాక్టు చట్టం ఉండేది. పక్కనే ఉన్న పెనాంగ్‌లో మాత్రం ఇంగ్లండు ఒప్పంద న్యాయం నడిచేది. పారిట్ బుంతార్ వర్తకుడు నిబోంగ్ తెబాల్ వర్తకుడితో బేరం కుదుర్చుకుంటే, తగవు వచ్చిన నాడు ఏ న్యాయం వర్తిస్తుందో వకీలును అడిగి తెలుసుకోవలసిందే. 1974 జూలై 1 నుండి ఒకే చట్టం దేశమంతటికీ వర్తించింది. దానితో వర్తకునికి ఒక సందేహం తగ్గింది. పెద్దపెద్ద సభల్లో "ప్రాంతీయ సమన్వయం" అని గంభీరంగా చెప్పే మాటకు అర్థం ఇదే. ఏరు దాటినంత మాత్రాన న్యాయం మారిపోకూడదని దాని ఉద్దేశం.

ఇప్పుడు ఆ ఏటిని కొంచెం వెడల్పు చేసి చూడండి. 1967 ఆగస్టు 8న బాంకాక్‌లో మన దేశమూ, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, సింగపూర్, థాయిలాండ్ కలిసి ఆసియాన్ కూటమిని స్థాపించాయి. 2025 అక్టోబరులో కౌలాలంపూర్ సమావేశంలో తూర్పు తిమోర్ చేరడంతో సభ్య దేశాలు 11 అయ్యాయి. 2007 నవంబరులో సింగపూర్‌లో జరిగిన శిఖరాగ్ర సభలో నాయకులు ఆర్థిక సముదాయం కోసం ఒక ప్రణాళిక మీద సంతకాలు చేశారు. 2015 నాటికి సభ్య దేశాలన్నీ వర్తకంలో న్యాయమైన పోటీని కాపాడే విధానం తెచ్చుకోవడానికి కృషి చేయాలనీ, వినియోగదారుల రక్షణనూ వర్తక చిహ్నాల రిజిస్ట్రేషన్‌నూ మెరుగుపరచుకోవాలనీ అందులో వ్రాసుకున్నారు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఐరోపా సమాఖ్యలో సభ్య దేశాలను కట్టిపడేసే ఉమ్మడి చట్టాలూ, వాటిని అమలు జరిపే ఉమ్మడి న్యాయస్థానమూ ఉన్నాయి. ఆసియాన్‌లో అటువంటి ఏర్పాటు లేదు. అందరూ ఒక మాట అనుకుంటారు. ఆ తరువాత ఎవరి పార్లమెంటులో వారు, ఎవరి భాషలో వారు చట్టం వ్రాసుకుంటారు. పెళ్ళికి అందరూ పట్టుబట్టలు కట్టుకుని రావాలని అనుకోవడం వంటిది ఇది. ఏ అంచు, ఏ రంగు అన్నది ఎవరి ఇష్టం వారిది. ఇండోనేషియా, థాయిలాండ్ 1999లోనే పోటీ చట్టం చేసుకున్నాయి. సింగపూర్, వియత్నాం 2004లో చేసుకున్నాయి. మన దేశం 2010లో చేసి 2012 జనవరి 1 నుండి అమలులో పెట్టింది. కంబోడియా 2021లో చేసింది. ఒకే మాట మీద నిలబడడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. ఆలస్యమైనా ఎవరూ ఎవరి మెడ మీదా కత్తి పెట్టలేదు.

మన పోటీ చట్టం ఏమంటుంది? ఒకే సరుకు అమ్మేవారు కలిసి కూర్చుని ధర నిర్ణయించుకోకూడదు. ఊళ్ళు పంచుకోకూడదు. బజారును శాసించగల పెద్ద వర్తకుడు ఆ బలాన్ని దుర్వినియోగం చేయకూడదు. తప్పు జరిగినంత కాలపు ప్రపంచవ్యాప్త అమ్మకాల మొత్తంలో 10 శాతం వరకూ జరిమానా వేసే అధికారం పోటీ కమిషన్‌కు ఉంది.

ఈ మాటలు వినగానే "ఇది విమాన కంపెనీలకూ సిమెంటు కంపెనీలకూ సంబంధించిన గొడవ" అనిపిస్తుంది. కాని ఈ చట్టం క్రింద కమిషన్ మొదట తీర్పు చెప్పింది ఎవరి విషయంలోనో తెలుసా? పూల సాగుదారుల విషయంలో! కామెరాన్ హైలాండ్స్ పూల సాగుదారుల సంఘం 2012 మార్చిలో పూల ధర 10 శాతం పెంచాలని సభ్యులతో ఒప్పందం చేసుకుంది. అది పత్రికలలో వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరులో కమిషన్ అది చట్ట విరుద్ధమని తేల్చింది. కొత్త చట్టం కనుక జరిమానా వేయకుండా, ఆ పని మానుకోవాలనీ, మానుకున్నట్టు పత్రికలలో ప్రకటించాలనీ ఆదేశించింది. ఆ తరువాత మంచుగడ్డలు తయారుచేసేవారి వంతు వచ్చింది. 2014 జనవరి 1 నుండి అందరూ ఒకేసారి ధర పెంచుతున్నామని ప్రకటన ఇచ్చినందుకు వారికి జరిమానాలు పడ్డాయి.

నేను ఈ రెండూ ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉంది. పూలదండలు కట్టేవారు, పెళ్ళి వంటలు చేసేవారు, పందిళ్ళు వేసేవారు, బంగారు పని చేసేవారు మనలో ఉన్నారు. పండుగ ముందు నలుగురూ ఒక చోట టీ త్రాగి "ఈ ఏడు ఇంతకు తగ్గవద్దు" అని మాట ఇచ్చిపుచ్చుకోవడం మన పెద్దల నాటి నుండి వస్తున్న అలవాటు. అందులో ఎవరికీ దురుద్దేశం ఉండదు. ఒకరి పొట్ట ఒకరు కొట్టుకోకూడదనే సద్భావమే ఉంటుంది. కాని చట్టం దృష్టిలో అది సద్భావం కాదు, కొనేవాడి మీద కుట్ర. పెళ్ళి చేసే ఆడపిల్ల తండ్రి వైపు నుండి చూస్తే చట్టం చెప్పింది సబబే అనిపిస్తుంది. ఎవరి ఖర్చులు వారు లెక్క వేసుకుని ఎవరి ధర వారు పెట్టుకోవచ్చు. కూడబలుక్కుని పెట్టడమే తప్పు. ఈ ఒక్క సంగతి మీ ఇంటి వర్తకులకు చెప్పినా నా ఇరవై నిమిషాలూ సార్థకమే.

ఇక మేలు చేసే మార్పులు కొన్ని ఉన్నాయి. వెనుక ఇద్దరు పొత్తు వ్యాపారం పెడితే, నష్టం వచ్చిన నాడు దుకాణం చేసిన అప్పుకు ఇద్దరి సొంత ఇళ్ళూ, పొలాలూ కూడా బాధ్యత వహించవలసి వచ్చేది. సాధారణ పొత్తులో నేటికీ అంతే. కాని 2012 డిసెంబరు 26 నుండి పరిమిత బాధ్యత గల పొత్తు అనే కొత్త పద్ధతి వచ్చింది. అందులో పొత్తు అప్పు పొత్తు ఆస్తికే పరిమితం. సొంత ఇంటి గడప దాటి లోపలికి రాదు, మీరు విడిగా పూచీ వ్రాసి ఇస్తే తప్ప.

1965 నాటి కంపెనీల చట్టంలో కంపెనీ పెట్టాలంటే కనీసం ఇద్దరు సభ్యులూ ఇద్దరు డైరెక్టర్లూ ఉండాలి. రెండవ మనిషి ఎక్కడ దొరుకుతాడు? భార్య పేరు వ్రాసేవారు. ఆమె వంటింట్లో నుండి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూపిన చోట సంతకం చేసి వెళ్ళేది. దానితో చట్ట ప్రకారం డైరెక్టరు బాధ్యతలన్నీ ఆమె తల మీద పడేవి. 2016 నాటి కొత్త కంపెనీల చట్టం 2017 జనవరి 31న అమలులోకి వచ్చాక ఒక్క మనిషే కంపెనీ పెట్టవచ్చు. ప్రైవేటు కంపెనీలు ఏటా సర్వసభ్య సమావేశం జరపాలన్న నిర్బంధం కూడా పోయింది. ఇప్పుడు భార్య సంతకం పెడితే అది ఇష్టపడి పెట్టినదే కావాలి.

2019 డిసెంబరులో మన దేశం మాడ్రిడ్ ఒడంబడికలో చేరింది. మన సోదరీమణి ఎవరైనా ఆవకాయకు ఒక పేరు పెట్టి అమ్ముతున్నారనుకుందాం. ఆ పేరును ఇక్కడ రిజిస్టరు చేయించుకుని, ఇక్కడి కార్యాలయం ద్వారానే ఒక్క దరఖాస్తుతో సింగపూర్, థాయిలాండ్, ఇండోనేషియాలలోనే కాక, ఇండియాలోనూ రక్షణ కోరవచ్చు. రుసుము లేకపోలేదు. కాని దేశానికొక వకీలును వెదుక్కునే శ్రమ తప్పింది.

ఇంతవరకు చెప్పినదంతా పాఠం. ఇప్పుడు నేను ఈ విషయం ఎందుకు ఎన్నుకున్నానో మనవి చేస్తాను.

మా అన్నయ్య ఒక ఎస్టేటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవాడు. తొంభైల మొదట్లో ఆఫీసులోనే పనిచేసే స్నేహితుడొకడు, మన మనిషే, ఇంటి వాడకానికి వాయిదాల మీద కారు కొంటూ షూరిటీ సంతకం పెట్టమని అడిగాడు. అన్నయ్యకు మొహమాటం ఎక్కువ. కాగితం చదవలేదు. చదివినా అర్థమయ్యేది కాదు. స్నేహితుడు కొన్ని వాయిదాలు కట్టి ఊరు విడిచి వెళ్ళిపోయాడు. అప్పు ఇచ్చినవారు అతన్ని వెదకలేదు. చిరునామా మారని మనిషి ఒకడున్నాడు కదా, అతని దగ్గరికే వచ్చారు. అలా రావడానికి చట్టం వారికి హక్కు ఇచ్చింది. అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో, పూచీ పడ్డవాడి బాధ్యతా అంతేనని మన కాంట్రాక్టు చట్టం 81వ సెక్షను చెబుతుంది. ఇదే మాట 1872 నాటి భారత చట్టంలో 128వ సెక్షను. మా తాతగారి ఊళ్ళోనూ అదే సూత్రం, మా ఊళ్ళోనూ అదే.

అన్నయ్యను దివాలాదారుగా ప్రకటించారు. అనుమతి లేనిదే దివాలాదారు దేశం విడిచి వెళ్ళరాదు. 1998లో మా కుటుంబమంతా కలిసి తాతగారు పుట్టిన ఊరు చూడడానికి శ్రీకాకుళం జిల్లాకు బయలుదేరాము. అందరిలోకి ఆ ఊరి మీద ఎక్కువ మమకారం ఉన్న మనిషి ఆయనే. ఆయన ఒక్కడే రాలేకపోయాడు. అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చునని ఆయనకు చెప్పినవారు లేరు. బడిపంతులునైన నాకూ తెలియదు. నేను తిరిగి వచ్చాక ఒక సాయంత్రమంతా కూర్చోబెట్టి ఆ ఊరి సంగతులు అడిగాడు. బావి గట్టు ఎంత ఎత్తుంది, గుడి ఏ దిక్కున ఉంది అని కూడా అడిగాడు. కొన్నేళ్ళకు దివాలా నుండి విడుదల వచ్చింది. అప్పటికి ఆయన మోకాళ్ళు ప్రయాణానికి ఒప్పుకోలేదు. 2014లో కాలం చేశాడు.

2017 అక్టోబరు 6న దివాలా చట్టం మారింది. చదువు కోసం, సొంత వాడకపు వాహనం కోసం, కాపురం ఉండే ఇంటి కోసం ఇంకొకరు చేసిన అప్పుకు లాభాపేక్ష లేకుండా పూచీ పడ్డవారిని ఇక దివాలా తీయించడానికి వీలు లేదు. దావా వేయరాదని కాదు, దివాలా తీయించరాదు. తక్కిన పూచీదారుల విషయంలో కూడా ముందు అసలు అప్పుదారు మీద చేయగల ప్రయత్నాలన్నీ చేసి, ఆపైన కోర్టు అనుమతి తీసుకోవాలి. 2021 సెప్టెంబరు నుండి లక్ష రింగిట్‌ల కంటే తక్కువ బాకీకి ఎవరినీ దివాలా తీయించడం కుదరదు. ఈ చట్టం ఇరవై ఏళ్ళు ముందు వచ్చి ఉంటే మా అన్నయ్య విమానం ఎక్కి ఉండేవాడు.

ఈ మార్పు ఆసియాన్ ప్రణాళికలో వ్రాసుకున్నది కాదు. మన దేశంలో షూరిటీ సంతకాలతో నలిగిపోయినవారి కష్టం చూసి మన పార్లమెంటు చేసినది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, సంస్కరణ అనగానే రెండు వాదాలు వింటాం. ప్రాంతీయ ప్రమాణాలన్నీ విదేశీ పెట్టుబడిదారుల కోసం, పెద్ద కంపెనీల సౌకర్యం కోసం అని కొందరు. ప్రమాణాలు అందుకుంటే చాలు, దేశం బాగుపడుతుందని కొందరు. రెండింటిలోనూ సగం నిజం ఉంది. సరిహద్దు దాటి సరుకు పంపేవాడు అడిగే చట్టం త్వరగా వస్తుంది. అతనికి గొంతు ఉంది, వకీళ్ళు ఉన్నారు. షూరిటీ పెట్టి నలిగినవాడు అడిగే చట్టం ఆలస్యంగా వస్తుంది. అతడు సిగ్గుతో నోరు విప్పడు. మా అన్నయ్య తన సంగతి ఏ సభలోనూ చెప్పుకోలేదు.

నా మనవి ఒక్కటే. పొరుగు దేశాలతో సమానంగా నిలబడాలన్న కోరిక మంచిదే. కాని చట్టం ఎంత ఎదిగిందో కొలవాలంటే పొరుగు దేశంతో పోల్చడం ఒక్కటే చాలదు. మొహమాటపడి సంతకం చేసే గుమాస్తాకు ఆ చట్టం ఎంతవరకు అందిందో కూడా కొలవాలి. అందడంలో సగం పని ప్రభుత్వానిది. మిగతా సగం మనది. మారిన చట్టం ఉన్నా తెలియనివాడికి పాత చట్టమే అమలులో ఉన్నట్టు లెక్క.

మన భాష ఇందుకు పనికిరాదని అనుకోకండి. మనం జామీను అంటాం, మలయులు జామిన్ అంటారు. రెండూ అరబ్బీ నుండి వచ్చిన ఒకే మాట. మన వకీలు కూడా అంతే, మలయంలో వకిల్ అయ్యాడు. మాట తెలిసినదే, మాట వెనుక బరువు తెలియదు. అందుచేత మన సాయంత్రపు తరగతుల్లో పద్యాలతో పాటు నెలకొక రోజు ఒక కాగితం చదువుదామని ప్రతిపాదిస్తున్నాను. ఒకనాడు అద్దె ఒప్పందం, ఒకనాడు వాయిదాల ఒప్పందం, ఒకనాడు పూచీ పత్రం. మలయంలో ఉన్నది తెలుగులో విడమరిచి చెప్పుకుందాం. మన సంఘంలో న్యాయవాదులైన యువతీయువకులు ఉన్నారు. నెలకొక సాయంత్రం వారు మన కోసం కేటాయిస్తే చాలు. బల్లలు తుడిచి, దీపాలు వెలిగించి, టీ కాచే పని నేను చేస్తాను.

పిల్లలూ, మీకు ఒక్క మాట. ఎవరైనా కాగితం ముందు పెట్టి "ఇక్కడ ఒక్క సంతకం" అంటే, "చదివి రేపు చెబుతాను" అనండి. అలా అనడం అమర్యాద కాదు. స్నేహితుడైనవాడు రేపటి వరకు ఆగుతాడు.